పూడిక బయటపడిన రోజు

ఉదయం పార్కుకు వెళ్లేసరికి, పూడిక తీయడానికి ఖాళీ చేస్తున్న చెరువులో నీరు నిన్నటికంటే మరో జానెడు తగ్గి ఉంది. తూము షట్టరు పూర్తిగా ఎత్తివేస్తే త్వరగా ఖాళీ అయిపోయే చెరువును ఇంత నిదానంగా ఎందుకు దించుతున్నారని నడకకు వచ్చినవారు విసుక్కుంటున్నారు. గట్టు మీద నిలబడి పని చూస్తున్న ఇంజినీరు దీనికి ఓపికగా సమాధానం చెప్పారు. ఏళ్ల తరబడి నానిన గట్టు మట్టిలోనూ నీరు నిండి ఉంటుంది. చెరువు నీరు బయటి నుండి దన్నుగా ఉన్నంతకాలం ఆ గట్టు నిలబడుతుంది. ఆ దన్ను ఒక్కసారిగా పోతే, లోపలి నీరు అంత వేగంగా బయటికి ఊరి రాలేక, మట్టిని తనతోపాటు చెరువులోకి జార్చేస్తుంది. అందుకే కొలబద్ద చూసుకుంటూ రోజుకు కొంచెం చొప్పున దించుతున్నారు. తూము దాటిన నీటిని సైతం నేరుగా దిగువ కాలువలోకి వదలకుండా, తేరుకోవడానికి ఒక మడుగులో కాసేపు నిలుపుతున్నారు. మన చెరువు శుభ్రపడడం కోసం దిగువవారి కాలువను బురదపాలు చేయకూడదనే ఆ జాగ్రత్తను చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది.

మిగిలిన నీరంతా మధ్యలోని లోతట్టుకు చేరింది, చేపలన్నీ అక్కడికే చేరాయి. ఈ పని మొత్తంలో అతి సున్నితమైన ఘట్టం ఇదేనని నా నమ్మకం. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండగల ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలిగితే, 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు పడిపోతుంది. ఉన్న ఆ కాస్తను కదిలిన బురద తానే పీల్చుకుంటుంది. అందువల్ల ఎండ ముదరకముందే వలలు లాగి, పట్టిన చేపలను గాలి గొట్టాలు అమర్చిన తొట్లలోకి మార్చారు. కొర్రమీను వంటివి నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు గనుక వాటి గురించి అంత బెంగ లేదు. చిన్న వెండి చేపలు మాత్రం క్షణాల్లో వాడిపోతాయి. వల లాగుతున్న స్త్రీలు వాటిని చేత్తో పట్టుకోకుండా నీటితో సహా గిన్నెలతో తోడి తొట్లలో పోస్తుంటే, ఆ నేర్పును చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. తాబేళ్లు బురదలోకి దూరి కదలకుండా ఉంటాయి కాబట్టి, యంత్రం దిగకముందే వాటిని వెతకాలి. కర్రలతో నెమ్మదిగా తడుముతూ ఒక మూలనంతా జల్లెడ పట్టి, దొరికినవాటిని తడి గోనెల మీద నీడలో ఉంచారు. అంచుల్లో మిగిలిపోయిన ఆల్చిప్పలను కూడా ఏరితే బాగుండేదని నాకు అనిపించి అడిగాను. నీటిని వడగట్టి తేటపరిచే ఆ ప్రాణుల సంగతి పనుల జాబితాలో లేదట, అయినా ఇద్దరు యువకులు వెంటనే ఒక బకెట్టు తీసుకుని బయలుదేరారు.

మధ్యాహ్నానికి ఒక పక్క చెరువు అడుగు పూర్తిగా బయటపడింది. కుళ్లిన గుడ్ల వాసనకు ముక్కు మూసుకుని, ఇది మురుగుగుంట అని నిందిస్తూ వెళ్లినవారు ఉన్నారు. ఆ మాట నాకు బాధ కలిగించింది. గాలి సోకని అడుగున ఆకులూ నాచూ కుళ్లేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, వాసన దానిదే. అదే గంధకం ఇనుముతో కలవడం వల్ల బురద అంత నల్లగా ఉంటుంది. పొద్దున కర్రతో గీసిన చోట నల్లని బురద, గాలి తగిలి సాయంత్రానికి గోధుమ రంగుకు తిరగడం నేను కళ్లారా చూశాను. ఇది చెరువు చేసిన తప్పు కాదు. మనం అందులోకి పంపినదంతా అది ఇంతకాలం తన అడుగున దాచుకుంది.

ఆ దాచుకున్నవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది భాస్వరం. పచ్చిక బయళ్లకు చల్లిన ఎరువు, రాలిన ఆకులు, పక్షుల రెట్టలు, బాతులకు ప్రేమతో విసిరే రొట్టె ముక్కలు, వీటన్నిటిలోని భాస్వరం చివరకు అడుగుకు చేరి అక్కడి ఇనుమును పట్టుకుని ఉంటుంది. అడుగున ఆక్సిజన్ తరిగిపోయినప్పుడు ఆ పట్టు వదులవుతుంది, భాస్వరం మళ్లీ నీటిలోకి లేస్తుంది, దానిని తిని నాచు విజృంభిస్తుంది. ఆ నాచు చచ్చి మునిగి ఆక్సిజన్‌ను మరింత హరిస్తుంది. ఎండాకాలంలో ఈ చెరువు పచ్చరంగు కలిపినట్లు మారిపోవడానికి కారణం ఈ చక్రమే. కాబట్టి పైనున్న నీటిని మార్చి కొత్త నీరు నింపినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. పూడిక తీయవలసిందే.

తీయడం కూడా తేలిక కాదు. బురద బరువులో చాలా భాగం నీరే గనుక, దానిని అలాగే టిప్పర్లకు ఎత్తితే నీటిని మోసుకుపోవడమే అవుతుంది, దారంతా బురదమయమవుతుంది. అందుకే ముందుగా ఒక పక్కకు తోడి ఆరబెడతారు. రోడ్ల మీద టైర్ల అరుగుదల నుండి జింకు, బ్రేకుల నుండి రాగి వాననీటితో కలిసి ఇక్కడికే చేరతాయి. అందుకే బురద నమూనాల పరీక్ష ఫలితం వచ్చాకే పూడికను మొక్కల మళ్లకు వాడవచ్చా, వేరుగా పూడ్చిపెట్టాలా అన్నది తేలుతుంది. అడుగున పరిచిన బంకమట్టి పొర దాకా పొక్లెయిన్ పళ్లు దిగకూడదు, అది చిరిగితే నింపిన నీరు ఇంకిపోతుంది. ఆ పొర ఎండలో ఎక్కువకాలం ఆరినా పగుళ్లు బారుతుంది. నిదానంగా దించిన చెరువును నింపడంలో మాత్రం ఆలస్యం చేయరాదన్నమాట.

లాస్ ఏంజిలెస్ నగరంలోని ఎకో పార్క్ చెరువును ఇలాగే 2011లో ఖాళీ చేయించి 2013లో తిరిగి తెరిచారు. అక్కడ పూడిక తీయడంతో ఆగకుండా, చెరువులోకి చేరే వాననీటిని శుభ్రపరిచే ఏర్పాట్లు చేసి, అంచుల్లో నీటిమొక్కలను పెంచారు. అంతకుముందే చచ్చిపోయిన తామరలను కూడా మళ్లీ నాటారు. మన చెరువు పని గురించి నాకున్న దిగులంతా ఇక్కడే. అతికించిన పనుల పట్టికలో తోడడం, ఎత్తడం, నింపడం ఉన్నాయి కానీ, ఉత్తరం వైపు నుండి రోడ్ల నీటిని తెచ్చి పోసే వరద కాలువ ప్రస్తావన ఎక్కడా లేదు. ఆ కాలువ ముఖద్వారం వద్ద ఒక చిన్న మట్టి గుంట తవ్వితే, వచ్చే ఇసుక, చెత్త, పూడికలో పెద్ద పాలు అక్కడే నిలిచిపోతాయి. ఆ గుంటను ఏటా శుభ్రం చేసుకోవచ్చు, చెరువు మొత్తాన్ని ఎండగట్టవలసిన అవసరం చాలాకాలం రాదు. నిలువుగా కట్టిన రాతి అంచును కొన్ని చోట్లయినా వాలుగా మలిచి జమ్ము, తుంగ నాటితే, నాచుకు అందవలసిన పోషకాలలో కొంత అవి తీసుకుంటాయి, కప్పలకూ తాబేళ్లకూ పైకెక్కడానికి దారి దొరుకుతుంది.

ఈ మాటలే ఇంజినీరుతో అంటే, అవి తనకూ సమ్మతమేననీ, కానీ రాతపూర్వకంగా అడిగినవారు ఎవరూ లేరనీ చెప్పారు. అందుకని రాత్రి కూర్చుని వినతిపత్రం రాశాను. రాతి అంచు సంగతిని రెండో పేజీకి నెట్టి, గుంట తవ్వడాన్ని మొదట పెట్టాను. యంత్రం చెరువులో ఉండగా అది కొద్దిపాటి అదనపు పనే, నీరు నిండిన తరువాత అదే పనికి తూము ఎత్తడం దగ్గర నుండి చేపలను తరలించడం దాకా ఇదంతా మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. రోజూ నడకకు వచ్చేవారి సంతకాలు కూడా తీసుకుని, పూడిక ఎత్తడం మొదలయ్యేలోపే దీనిని కార్యాలయంలో ఇవ్వాలి.