న్యూజెర్సీ ఎడిసన్‌లో ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా

అక్కో అన్నో పిటిషన్ వేస్తే పదేళ్లకు పైగా ఎదురుచూసి అమెరికా వచ్చే కుటుంబాలు మనవాళ్లలో చాలానే ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చేసరికి ఇంటాయనకు నలభై దగ్గర పడుతుంది, పిల్లలు హైస్కూలుకి వచ్చేస్తారు. దిగిన వారంలోనే ఎవరో ఒకరు గ్యాస్ స్టేషన్‌లోనో ఇండియన్ గ్రాసరీలోనో పని చూపిస్తారు. న్యూజెర్సీలో నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆ పనిని చిన్నచూపు చూడను, మా ఇంటి అద్దె కట్టింది అదే. కానీ అక్కడ ఎన్నేళ్లు చేసినా జీతం పెంచడం ఓనరు దయ మీదే ఉంటుంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ బీరువాలో ఉండగా కౌంటర్ దగ్గర నిలబడటం నాకు రోజూ గుచ్చుకునేది.

మన ఇళ్లలో ఈ విషయం ఎవరూ మాట్లాడరు కాబట్టి చెబుతున్నాను. కరెంటు పని, ప్లంబింగ్, ఏసీ పని, లిఫ్టుల పని ఇక్కడ జీతం తీసుకుంటూ నేర్చుకోవచ్చు. దీన్నే అప్రెంటిస్‌షిప్ అంటారు. అది రిజిస్టర్ అయినదేనా అని మాత్రం ముందే చూసుకోవాలి. 1937లో వచ్చిన చట్టం కింద కేంద్ర కార్మిక శాఖ గానీ, కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి చోట్ల రాష్ట్రం గానీ వీటిని నమోదు చేస్తుంది. రాతపూర్వకంగా ఒప్పందం ఉంటుంది. పని నేర్చుకునే కొద్దీ జీతం ఎలా పెరగాలో అందులో ముందే రాసి ఉంటుంది. మామూలుగా ఎలక్ట్రీషియన్‌కు 8,000 గంటల పని, దాంతోపాటు ఏడాదికి కనీసం 144 గంటల క్లాసులు. పూర్తయ్యాక ఇచ్చే సర్టిఫికెట్‌కు దేశమంతా గుర్తింపు ఉంటుంది. రిజిస్టర్ కాని చోట హెల్పర్ అని పెట్టుకుని ఏళ్ల తరబడి వైరు లాగిస్తారు, ఆ గంటలు అప్రెంటిస్‌షిప్ లెక్కలోకి రాకపోవచ్చు.

నన్ను మొదట ఒక ప్రైవేటు ట్రేడ్ స్కూలుకి పంపారు. ఫీజు వేల డాలర్లు చెప్పారు. ఈ కోర్సు గంటలు అప్రెంటిస్‌షిప్‌లో కలుస్తాయా అని అడిగితే సూటిగా జవాబు రాలేదు. అక్కడి నుంచి లేచి వచ్చేశాను. వెతకాల్సిన చోటు కార్మిక శాఖ వారి అప్రెంటిస్‌షిప్ డాట్ గవ్. అందులో జాబ్ ఫైండర్‌లో పని పేరు, జిప్ కోడ్ కొడితే దగ్గర్లోని ప్రోగ్రాములు కనిపిస్తాయి. యూనియన్ దారి కావాలంటే ఐబీఈడబ్ల్యూ అనే ఎలక్ట్రీషియన్ల యూనియన్ స్థానిక శాఖ (లోకల్)తో కలిసి నడిచే శిక్షణ కమిటీ జేఏటీసీకి ఫోన్ చేయాలి. యూనియన్ వద్దనుకునేవాళ్లకు ఐఈసీ, ఏబీసీ అనే కాంట్రాక్టర్ల సంఘాల ప్రోగ్రాములున్నాయి. కొన్ని చోట్ల దరఖాస్తులు ఏడాదిలో కొన్నాళ్లే తీసుకుంటారు, అందుకే తేదీలు అడిగి రాసిపెట్టుకోవాలి.

యూనియన్ వైపు హైస్కూల్ ఆల్జీబ్రా పాసైనట్టు రుజువు అడుగుతారు. మన పదో తరగతి, ఇంటర్ మెమోలను ఇక్కడి ఏజెన్సీతో ఇవాల్యుయేషన్ (ఇక్కడి చదువుతో పోల్చి చూపే పత్రం) చేయించి ఇవ్వాలి, దానికి వారాలు పడుతుంది. తర్వాత లెక్కలు, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం మీద పరీక్ష. నేను రాసినప్పుడు కాల్క్యులేటర్ లేదు. ఆ తర్వాత ఇంటర్వ్యూ, ర్యాంకు లిస్టు. ఇంటర్వ్యూలో ఎత్తులకు భయమా, చలిలో బయట పని చేస్తావా, పొద్దున ఆరింటికి సైటుకి ఎలా వస్తావు అని అడిగారు. కారూ లైసెన్సూ లేకుండా ఈ పని కుదరదు.

ఐటీఐ చేసినవాళ్లు కూడా ఇక్కడ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే, అది మంచికే. మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. ఇక్కడ ఇంటి వైరింగ్‌లో నలుపులోనే కరెంటు ఉంటుంది, తెలుపు న్యూట్రల్. మన చేయి అలవాటుగా నలుపు మీదికి వెళితే ప్రాణం పోతుంది. మొదటి నెలల్లో ప్రతి బాక్సు దగ్గరా టెస్టర్ పెట్టి, నోటితో రంగు చెప్పి, అప్పుడు ముట్టుకునేవాణ్ణి.

పైపు వంచడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. అరంగుళం కండ్యూట్‌ను (వైర్లు వెళ్లే లోహపు పైపు) పన్నెండంగుళాల ఎత్తుకి లేపాలంటే వంపుకి పోయే అయిదు తీసేసి ఏడు దగ్గర గీత పెట్టి, పైపు వంచే బెండర్ బాణం గుర్తును ఆ గీతకి కలిపి, అడుగు గట్టిగా తొక్కి లాగాలి. దారిలో దూలం అడ్డొస్తే ఆఫ్‌సెట్ కొట్టాలి, అంటే పైపును పక్కకి తప్పించి మళ్లీ తిన్నగా తేవాలి. నాలుగంగుళాలు తప్పించాలంటే ముప్పై డిగ్రీల వంపులు రెండు, వాటి మధ్య ఎనిమిదంగుళాలు. ఎందుకు రెట్టింపు అని నాతో ఉన్న జర్నీమాన్‌ని (శిక్షణ పూర్తయిన ఎలక్ట్రీషియన్) అడిగితే చార్టు చూపించాడు. ఇంటర్‌లో బట్టీ పట్టిన సైన్ 30 అంటే సగమే అది! ఎంతో సంతోషమేసింది. మన పిల్లలకు లెక్కలు బాగా వచ్చు, ఈ పనికి అవి నేరుగా అక్కరకొస్తాయి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీని వదిలి ఇందులోకి రాలేరు. ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద చదివినవాళ్లకిచ్చే పని అనుమతి) మీద ఉన్న పిల్లలు చదివిన డిగ్రీకి సంబంధించిన పనే చేయాలి కాబట్టి వాళ్లకూ కుదరదు. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్, హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) ఉన్నవాళ్లకు మాత్రం పని చేసే హక్కు ఉంది. ఆడవాళ్లు కూడా తప్పకుండా చూడాలి, మా క్లాసులో ఇద్దరున్నారు, పైపు వంచడంలో ఒకామెది నాకన్నా శుభ్రమైన చేయి. వయసు అయిపోయిందేమో అని ఇంట్లో కూర్చోకండి. పద్దెనిమిది నిండాలన్నారే గానీ ఇంతకు మించకూడదని నాకెవరూ చెప్పలేదు. ఇంటర్ మెమోలు ఊళ్లో ఉంటే ఈ వారమే తెప్పించుకోండి.