ఎల్డెన్ రింగ్ కొత్తగా ఆడేవారికి: లిమ్‌గ్రేవ్ దాటేలోపు తెలిసి ఉండవలసినవి

ఎల్డెన్ రింగ్ మొదలుపెట్టిన మిత్రులు ఎవరైనా సలహా అడిగితే నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే: ఎదురుపడిన ప్రతి శత్రువునూ ఇప్పుడే ఓడించాలన్న నియమం ఈ ఆటలో లేదు. 2022 ఫిబ్రవరి 25న విడుదలైన ఈ యాక్షన్ ఆర్‌పీజీని (పాత్రను పెంచుకుంటూ పోరాడే వీడియో గేమ్‌ను) జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ హిడెటాకా మియజాకి దర్శకత్వంలో రూపొందించింది. దాని పురాణ నేపథ్యాన్ని జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాశారు. సులభం, కఠినం అని ఎంచుకునే సౌకర్యం మెనూలో ఎక్కడా కనిపించదు. ఎటు వెళ్తున్నాం, ఎప్పుడు వెళ్తున్నాం, ఏం సిద్ధం చేసుకుని వెళ్తున్నాం అన్నవాటితోనే కష్టాన్ని మనం తగ్గించుకోవాలి. చేతివేగం తక్కువని భయపడి ఈ ఆటకు దూరంగా ఉన్నవారికి ఈ సంగతి ముందే తెలిస్తే బాగుంటుందని నా కోరిక.

మొదట మన పాత్రకు పది తరగతుల్లో (క్లాసుల్లో) ఒకదాన్ని ఎంచుకోమంటుంది. ఇక్కడ ఎక్కువసేపు ఆలోచించనక్కరలేదు. తరగతి అన్నది ఆరంభంలో ఉండే అంకెలను, ఆయుధాలను మాత్రమే నిర్ణయిస్తుంది. ఆ తర్వాత ఎవరైనా ఏ విద్యనైనా నేర్చుకోవచ్చు. మంచి కత్తి, శరీరానికి తగిలే మామూలు దెబ్బను పూర్తిగా అడ్డుకునే డాలు రెండూ మొదటినుంచే ఉంటాయి కాబట్టి వ్యాగబాండ్ కొత్తవారికి అన్నివిధాలా అనువైనది. దూరం నుంచి పోరాడాలనుకునేవారు మంత్రాలు వేసే ఆస్ట్రాలజర్‌ను తీసుకోవచ్చు. ఒంటిమీద బట్టలు కూడా లేకుండా, ఒకటో లెవెల్‌లో, చేతిలో దుడ్డుకర్రతో మొదలయ్యే రెచ్‌ను మాత్రం మొదటిసారి ఆడేటప్పుడు వదిలేయండి. వెంట తెచ్చుకునే కానుకల జాబితాలో గోల్డెన్ సీడ్‌ను ఎంచుకుంటే ప్రాణం నింపుకునే ఫ్లాస్కులు ఆరంభంలోనే ఒకటి పెరుగుతాయి.

ఆట మొదలైన కొద్ది నిమిషాల్లోనే అనేక చేతులున్న ఒక వికృతాకారం మీద పడి చంపేస్తుంది. ఆ ఓటమిని గురించి బాధపడవలసిన పని లేదు, కథ అక్కడినుంచే ముందుకు సాగుతుంది. దాని తర్వాత వచ్చే గుహలో ఒక ఆత్మ కూర్చుని ఉన్నచోట, పక్కనే కిందికి దూకడానికి ఒక గొయ్యి ఉంటుంది. అందులోకి దూకితేనే ఆట మెళకువలు నేర్పే భాగం మొదలవుతుంది. చూసుకోకుండా దాన్ని దాటిపోతే, డాలుతో దెబ్బను ఆపిన వెంటనే తిరిగి కొట్టే గార్డ్ కౌంటర్ వంటి ముఖ్యమైన విద్యలు తెలియకుండానే బయటి ప్రపంచంలోకి అడుగుపెట్టినట్టవుతుంది.

గుహ తలుపు తెరుచుకోగానే, బయటి ప్రపంచంలో మొదటి ప్రాంతమైన లిమ్‌గ్రేవ్ పచ్చిక మైదానం కనిపిస్తుంది. ఎదురుగా దారిమీద బంగారు కవచం తొడిగిన ఒక అశ్వికుడు నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతుంటాడు. అతడే ట్రీ సెంటినెల్. గుహలోంచి బయటికి వచ్చిన ఉత్సాహంలో నేరుగా అతనిమీదికి వెళ్తే, గుర్రం ఒక్క ఉదుటున దూసుకొచ్చి, పైనుంచి దిగే ఆయుధపు వేటుతో పోరాటం అక్కడితో ముగుస్తుంది. ఆట నిర్మాతలు అతణ్ణి సరిగ్గా ఆ చోట నిలబెట్టడం వెనుక గొప్ప ఆలోచన ఉందని నేను నమ్ముతాను: తప్పుకుని వెళ్లవచ్చన్న పాఠాన్ని ఒక్క మాట కూడా చెప్పకుండా అక్కడే నేర్పుతున్నారు. చెట్ల చాటున, అతని కంటపడకుండా చుట్టుతిరిగి ముందున్న ఎల్లె చర్చికి చేరుకోండి. అక్కడ కాలే అనే వర్తకుడు ఉంటాడు. అతని దగ్గర 300 రూన్లకు (శత్రువులను చంపితే వచ్చే, ఆటలో డబ్బుగా చెల్లేవి) దొరికే క్రాఫ్టింగ్ కిట్‌ను మొదట కొనండి. పక్కనున్న బల్ల దగ్గర స్మితింగ్ స్టోన్లతో ఆయుధాన్ని +3 వరకు బలపరచుకోవచ్చు.

ఆ తర్వాత రోడ్డు వెంట ఉత్తరంగా గేట్‌ఫ్రంట్ శిథిలాలకు వెళ్లండి. అక్కడి సైట్ ఆఫ్ గ్రేస్ (ఆగి విశ్రాంతి తీసుకునే చోటు) దగ్గర కూర్చుంటే మెలీనా అనే యువతి ప్రత్యక్షమవుతుంది. రూన్లను లెవెళ్లుగా మార్చుకునే అవకాశమూ, టొరెంట్ అనే గుర్రమూ ఆమె ద్వారానే దక్కుతాయి. రోడ్డు పక్కన నిలబెట్టిన రాతిస్తంభం దగ్గర ఆ ప్రాంతపు మ్యాప్, శిథిలాల కింది గదిలోని పెట్టెలో వెట్‌స్టోన్ నైఫ్ (ఆయుధానికి కొత్త విద్యలు అమర్చుకునే సాధనం) దొరుకుతాయి. గుర్రం దొరికాక మరోసారి ఎల్లె చర్చికి తిరిగి వెళ్లడం మరిచిపోకండి. అక్కడ కనిపించే రెన్నా అనే మంత్రగత్తె ఇచ్చే గంటతో మూడు తోడేళ్ల ఆత్మలను పిలిపించుకోవచ్చు. బాస్ (బలమైన ముఖ్య శత్రువు) దృష్టి వాటి మీదికి మళ్లినప్పుడు దొరికే ఆ కొద్ది క్షణాల ఊపిరి కొత్తవారికి ఎంతో విలువైనది. ఆత్మలను పిలవడం తక్కువతనమని కొందరు అంటుంటారు. ఆ మాటను పట్టించుకోవద్దు. ఆట స్వయంగా చేతికిచ్చిన సాధనాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. గ్రేస్ దగ్గర నుంచి లేచే బంగారు కాంతిరేఖ స్టార్మ్‌వీల్ కోట వైపు చూపిస్తుంది. అది కథ సాగే దిక్కును చూపిస్తుందే తప్ప, అక్కడికి వెళ్లగల శక్తి మనకు వచ్చిందని చెప్పదు. కోట దారిలో మార్గిట్ అనే బాస్ చేతిలో పదేపదే ఓడిపోతున్నవారు వెంటనే వెనక్కి తిరిగి దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులాకు వెళ్లాలి. అక్కడి మూడు చర్చిల్లో మూడు సేక్రెడ్ టియర్లు ఉంటాయి. లిమ్‌గ్రేవ్ తూర్పు భాగంలోని థర్డ్ చర్చ్ ఆఫ్ మారికాలో మరొకటి ఉంటుంది. వీటిలో ఒక్కొక్కటి ఫ్లాస్కు నింపే ప్రాణాన్ని పెంచుతుంది. దారిలో కనిపించే చిన్న గుహలు, గనులు అన్నీ తిరిగి స్మితింగ్ స్టోన్లు పోగుచేసుకుని ఆయుధాన్ని బలపరచుకుంటే, అదే మార్గిట్ తిరిగి వచ్చేసరికి మరో శత్రువులా అనిపిస్తాడు.

లెవెళ్ల విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: మొదట వైగర్ (ప్రాణం ఎంత ఉండాలో నిర్ణయించే అంకె) పెంచండి. ఒక్క దెబ్బకు చనిపోకుండా రెండో దెబ్బ దాకా నిలబడగలిగితేనే శత్రువు కదలికలు నేర్చుకునే సమయం దొరుకుతుంది. దెబ్బ బలాన్ని ఈ దశలో లెవెళ్లకన్నా ఆయుధపు అప్‌గ్రేడే ఎక్కువ పెంచుతుంది. మోసే బరువు పరిమితిలో 70 శాతం దాటకుండా చూసుకోవాలి. దాటితే రోల్ (పల్టీ కొట్టి తప్పుకోవడం) మందగించి, తప్పించుకోవలసిన దెబ్బలన్నీ తగులుతాయి. మన స్ట్రెంగ్త్ (బలం అంకె) సరిపోని ఆయుధాన్ని రెండు చేతులతో పట్టుకుంటే మన స్ట్రెంగ్త్ ఒకటిన్నర రెట్లుగా లెక్కకు వస్తుంది.

మార్గిట్‌తో పోరాడేటప్పుడు అతని చేతిని గమనించండి. కర్రను పైకెత్తి, ఇప్పుడే దించుతాడనిపించిన క్షణంలో ఆగి, మనం కంగారుపడి రోల్ చేసి లేచేసరికి సరిగ్గా అప్పుడు కొడతాడు. ఎత్తిన చేతిని చూసి బటన్ నొక్కకూడదు, చెయ్యి కిందికి దిగడం మొదలయ్యాకే నొక్కాలి. వెనక్కి కాక అతని వైపే, పక్కగా రోల్ చేస్తే వీపు దగ్గర రెండు దెబ్బలు కొట్టే అవకాశం వస్తుంది. మూడో దెబ్బకు ఆశపడకండి. బటన్‌ను టకటకా నొక్కితే ఆట ఆ నొక్కుడును గుర్తుపెట్టుకుని, వద్దనుకున్న సమయంలో మరో రోల్ చేయిస్తుంది.

చనిపోయినప్పుడు చేతిలోని రూన్లన్నీ ఆ చోటే పడిపోతాయి. వాటిని తిరిగి తీసుకునేలోపు మళ్లీ చనిపోతే ఇక దొరకవు. అందువల్ల బాస్ గదిలోకి వెళ్లేముందే వాటిని ఖర్చుపెట్టేయడం మంచిది. మామూలు ఆటల్లోలా పాజ్ బటన్ ఉండదు కాబట్టి, ఇంట్లో భోజనానికి పిలిస్తే పాత్రను గ్రేస్ దగ్గర కూర్చోబెట్టాకే మీరు లేచి వెళ్లండి. అగీల్ సరస్సు దగ్గరి డ్రాగన్-బర్న్ట్ శిథిలాల కింద ఉన్న పెట్టె తెరిస్తే పొగ చుట్టుముట్టి, చాలా బలమైన శత్రువులుండే కేలిడ్ ప్రాంతంలోని ఒక గనిలోకి పంపించేస్తుంది. అలా జరిగితే ఎవరితోనూ తలపడకుండా గని బయటికి పరుగెత్తి, మ్యాప్ తెరిచి లిమ్‌గ్రేవ్‌కు తిరిగి వచ్చేయవచ్చు.

2024 జూన్ 21న వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ విస్తరణను ఆటతోపాటే కొనాలా అని కూడా అడుగుతుంటారు. రాడాన్, మోగ్ అనే ఇద్దరు బాస్‌లను ఓడించాకే అందులోకి ప్రవేశం దొరుకుతుంది. మోగ్ దాకా చేరుకోవడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి, ఇప్పటికి అసలు ఆట ఒక్కటే చాలు.