ఎడిసన్ నుంచి మిసిసాగాకు: నా అనుభవం

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తొమ్మిదేళ్లు కాపురముండి, జీతం తగ్గుతుందని తెలిసే 2019 జూన్‌లో కెనడాలోని మిసిసాగాకు మారాము. రెండూ డబ్బున్న దేశాలే కదా, అక్కడ లేనిది ఇక్కడేముందని బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు.

మా అమ్మాయి గుంటూరులో పుట్టింది. అమెరికాలో తనది నా హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్‌4 వీసా. 21 ఏళ్లు నిండగానే ఆ హోదా పోతుంది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డులలో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటం వల్ల ఆలోగా మా వంతు వస్తుందన్న ఆశ నాకు లేదు. పైగా ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. ఆ రెండు నెలల్లోనే అద్దె ఒప్పందం, కారు అప్పు, పిల్లల బడి అన్నీ తెంచుకుని వెళ్లిన సహోద్యోగిని దగ్గర నుంచి చూశాక, పాయింట్లను బట్టి కెనడా శాశ్వత నివాసానికి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ పెట్టాను.

ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో మొదటిసారి 6.5 వచ్చింది. 7 వస్తే తప్ప పాయింట్లు చాలవు, 30 దాటాక ఒక్కో పుట్టినరోజుకూ ఉన్న పాయింట్లే తరుగుతాయి కనుక మళ్లీ రాశాను. చదువు మదింపు కోసం డిగ్రీ మార్కుల పత్రాలను సీలు వేసిన కవరులో పంపించడానికి మా తమ్ముడు యూనివర్సిటీ చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. దరఖాస్తు చేసుకోమని ఆహ్వానం అందిన 60 రోజుల్లో నేరచరిత్రపై ఎఫ్‌బీఐ నివేదిక, భారత కాన్సులేట్ నుంచి పోలీసు ధ్రువపత్రం, బ్యాంకు లేఖలు అన్నీ సమర్పించాలి. వీటిలో ఎఫ్‌బీఐకి పంపాల్సిన వేలిముద్రల పని ముందే మొదలుపెట్టడం మమ్మల్ని కాపాడింది.

సరిహద్దులో ఇవ్వాల్సిన సామాను జాబితాకు మాత్రం ఒక ఆదివారమంతా పట్టింది. భోజనాల బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, మా ఆవిడ నల్లపూసలు, అత్తగారిచ్చిన కాసులపేరు, అమ్మాయి వెండి పట్టీలు ఒక్కొక్కటే పెట్టి ఫోటోలు తీసి, పక్కన విలువ రాసుకున్నాము. నయాగరా దగ్గర రెయిన్‌బో వంతెన దాటాక అధికారి ఆ కాగితాలన్నీ ఓపికగా తిరగేసి ముద్ర వేశారు.

ఒంటారియోలో అప్పట్లో ప్రభుత్వ ఆరోగ్య బీమా వర్తించడానికి మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలలకూ ప్రైవేటు బీమా కొన్నాము. ఆ శీతాకాలంలో అమ్మాయికి ఆయాసం వచ్చి అత్యవసర విభాగానికి తీసుకువెళితే ఏడు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. మందులు రాసిచ్చాక డబ్బు ఎక్కడ కట్టాలని అడిగాను. కట్టేదేమీ లేదు, ఇంటికి వెళ్లవచ్చన్నారు. ఎడిసన్‌లో తన మణికట్టు విరిగినప్పుడు ఆసుపత్రికి ఒకటి, డాక్టరుకు ఒకటి, ఎక్స్‌రేకు ఒకటిగా మూడు నెలలపాటు బిల్లులు వచ్చిన రోజులు గుర్తుకొచ్చాయి. అలాగని ఇక్కడ అంతా సుఖమని చెప్పను. ఫ్యామిలీ డాక్టరు దొరకడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది, పంటి వైద్యానికి ఆఫీసు బీమా మీదే ఆధారపడ్డాము, మా ఆవిడ మోకాలి స్కానింగ్‌కు నెలల తరబడి ఆగింది. అమెరికాలో అయితే ఆ స్కానింగ్ వారంలో అయ్యేది. జీతం దాదాపు పావు వంతు తగ్గింది, కారు బీమా పెరిగింది, అదే డబ్బుకు ఇల్లు చిన్నదైంది. చేతిలో గ్రీన్‌కార్డు ఉండి ఉంటే నేను ఎడిసన్ వదిలేవాణ్ణి కాదు.

కానీ ఇక్కడ ఐదేళ్లలో 730 రోజులు ఉంటే శాశ్వత నివాసం నిలుస్తుంది. ఉద్యోగం పోయినా ఇల్లు ఖాళీ చేసి విమానం ఎక్కే పని లేదు. న్యూజెర్సీకి వచ్చిన ప్రతిసారీ ఆరు నెలలకే అమ్మ తిరుగు ప్రయాణం కట్టేది. 2022 జూలై నుంచి సూపర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులు ఒక విడతలో ఐదేళ్ల వరకు ఉండవచ్చు. మరుసటి ఏడాది అమ్మ ఆ వీసా మీదే వచ్చి, మొదటి వారంలోనే కిటికీ దగ్గర కుండీలో కరివేపాకు మొక్క పెట్టింది.