సీజీఆర్ఎన్ పరీక్షకి చదివిన నాలుగు నెలలు

ఎండోస్కోపీ రూమ్‌లో నాలుగేళ్ళు చేశాక సీజీఆర్ఎన్ రాద్దామని కూర్చున్నా. అమెరికాలో జీఐ (కడుపు, పేగులు, లివర్ విభాగం) నర్సులకి ఉండే సర్టిఫికేషన్ ఇది, అప్లై చెయ్యాలంటే గత 5 ఏళ్ళలో 2 ఏళ్ళు ఫుల్‌టైం, లేదా పార్ట్‌టైం అయితే 4,000 గంటలు జీఐలో పని చేసుండాలి, పాసైతే 5 ఏళ్ళ వరకు ఉంటుంది, తర్వాత రెన్యూ చేసుకోవాలి. రోజూ చేసే పనే కదా, ఒక నెల పుస్తకం తిరగేస్తే సరిపోతుందనుకున్నా. మొదటి ప్రాక్టీస్ టెస్ట్‌లో సగం కూడా కరెక్ట్ రాలేదు. నిజంగా భయమేసింది, మార్కుల గురించి కాదు, ఇవి తెలీకుండానే ఇన్నాళ్ళూ పేషెంట్ల పక్కన నిలబడ్డానా అని.

తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోతే సంగతి అర్థమైంది. మా రూమ్‌లో వచ్చేవి ఎక్కువగా కొలనోస్కోపీలు, అప్పర్ ఎండోస్కోపీలు. ఈఆర్‌సీపీ (స్కోప్‌తో పిత్తనాళం, క్లోమనాళం చూసే ప్రొసీజర్) లేదు, చిన్నపిల్లల కేసులు లేవు. అన్నవాహికలో ఉబ్బిన సిరల నుంచి రక్తం కారితే బెలూన్లతో నొక్కి ఆపే బ్లేక్‌మోర్ ట్యూబ్ నేను కళ్ళతో చూడలేదు, అది పెట్టిన పేషెంట్ మంచం దగ్గర కత్తెర ఎందుకు ఉంచాలి అంటే ఏం చెప్తా? చదివాక తెలిసింది, కడుపులో ఉండాల్సిన బెలూన్ పైకి జారితే శ్వాస మూసుకుపోతుంది, అప్పుడు ట్యూబ్‌ని కత్తిరించి గాలి వదిలేసి వెంటనే లాగెయ్యాలి, ఆ క్షణంలో కత్తెర కోసం వెతుక్కునే టైం ఉండదు.

చూడనివి రాకపోతే సరే అనుకోవచ్చు, రోజూ చేసేవాటిలో తప్పులే ఎక్కువ బాధ పెట్టాయి. స్కోప్ శుభ్రం చెయ్యటమే తీసుకోండి. కేస్ అవ్వగానే మంచం పక్కనే తుడిచి డిటర్జెంట్ సక్ చెయ్యటం, తర్వాత లీక్ టెస్ట్, బ్రష్‌తో కడగటం, డిస్‌ఇన్‌ఫెక్షన్, రిన్స్, ఆరబెట్టి వేలాడదీయటం, ఈ వరస నిద్రలో లేపి అడిగినా చెప్తా. కానీ స్కోప్‌కి హై లెవెల్ డిస్‌ఇన్‌ఫెక్షన్ (కొన్ని మొండి స్పోర్లు తప్ప క్రిములన్నీ చంపటం) సరిపోయినప్పుడు దాంట్లోంచే వెళ్ళి ముక్క తీసే బయాప్సీ ఫోర్సెప్స్‌కి స్టెరిలైజేషన్ (ఒక్క క్రిమీ మిగలకుండా చెయ్యటం) ఎందుకు కావాలి అంటే నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. స్కోప్ మన పేగు లోపలి పొరని తాకుతుంది అంతే, ఫోర్సెప్స్ ఆ పొరని తెంపుతుంది. ఏ పరికరాన్ని ఎంత శుభ్రం చెయ్యాలో చెప్పే స్పాల్డింగ్ వర్గీకరణ మొత్తం ఈ తేడా మీదే నిలబడి ఉంది, ఇది తెలిశాక ఆ చాప్టర్‌లో బట్టీ పట్టాల్సింది పెద్దగా మిగల్లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. స్కోప్‌ల డిస్‌ఇన్‌ఫెక్షన్‌కి వాడే గ్లూటరాల్డిహైడ్ ద్రావణం పని చేస్తుందో లేదో స్ట్రిప్ ముంచి చూస్తాం కదా. డబ్బా మీద 14 రోజులు అని ఉన్నా ఐదో రోజే స్ట్రిప్ ఫెయిలైతే పారబొయ్యాలి, ఇది అందరికీ తెలుసు. 14 రోజులు దాటాక స్ట్రిప్ ఇంకా పాస్ అని చూపిస్తే? అప్పుడూ పారబొయ్యాల్సిందే, గడువు పొడిగించటానికి స్ట్రిప్ వాడకూడదు. నేను ముందు పని చేసిన ఒక చోట స్ట్రిప్ బాగానే ఉందిగా అని ఇంకో రెండు రోజులు నడిపించేవాళ్ళు, నేనూ అదే పద్ధతి అనుకుని సంతకాలు పెట్టా. ఈ ప్రశ్న చదివిన రోజు పుస్తకం మూసేసి చాలాసేపు అలా కూర్చుండిపోయా.

సెడేషన్ (మత్తు ఇవ్వటం) దగ్గర నన్ను దారిలో పెట్టింది మాతో పనిచేసే సీనియర్, మన తెలుగావిడే, అక్కా అని పిలుస్తా. మిడజోలామ్ మత్తుమందు, ఫ్లుమజెనిల్ దానికి విరుగుడు. బ్రేక్‌లో అడిగింది, "మిడజోలామ్ ఎక్కువై ఫ్లుమజెనిల్ ఇచ్చావు, పేషెంట్ లేచి మాట్లాడుతున్నాడు, మరి ఇంటికి పంపేస్తావా?" మాట్లాడుతున్నాడుగా అక్కా, కాసేపు చూసి పంపేస్తా అన్నా. "ఫ్లుమజెనిల్ ముందు దిగిపోతుందమ్మా, మిడజోలామ్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది. కార్లో మళ్ళీ మత్తులోకి జారితే ఎవరు చూస్తారు?" అంది. అంతే, ఇంక జన్మలో మర్చిపోను. ఫెంటనిల్ అనే నొప్పి మందుకి విరుగుడుగా ఇచ్చే నలోక్సోన్‌తో కూడా ఇదే జాగ్రత్త.

అక్కణ్ణించి చదివే పద్ధతి మార్చేశా, పేజీలు లెక్కపెట్టటం మానేసి ఆరోజు చూసిన పేషెంట్‌తో మొదలుపెట్టేదాన్ని. క్రోన్స్ అనే పేగు జబ్బుకి చిన్నపేగు చివరి భాగం తీసేసిన ఆవిడ బీ12 ఇంజెక్షన్ గురించి చెప్పింది, ఇంటికొచ్చి ఆ భాగం చదివా, బీ12 రక్తంలోకి వెళ్ళేది అక్కడే, అందుకు కావాల్సిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ వచ్చేదేమో కడుపులోని పెరైటల్ కణాల నుంచి, అంటే కడుపు తీసేసినా పేగు చివర తీసేసినా అదే లోటు. హెపటైటిస్ బీ రిపోర్టులు మాత్రం చాలా ఏడిపించాయి. చివరికి ఒక్క మాట పట్టుకున్నా, టీకాలో ఉండేది వైరస్ పైపొర ప్రోటీనే, లోపలి కోర్ ఉండదు. అందుకే టీకా వేయించుకున్నవాళ్ళకి యాంటీ హెచ్‌బీఎస్ (పైపొరకి యాంటీబాడీ) ఒక్కటే పాజిటివ్ వస్తుంది, జబ్బు వచ్చి తగ్గినవాళ్ళకి దాంతో పాటు సాధారణంగా యాంటీ హెచ్‌బీసీ (కోర్‌కి యాంటీబాడీ) కూడా ఉంటుంది.

నైట్ షిఫ్ట్ చేసి వచ్చి చదివిన రోజులు మాత్రం వేస్ట్, ఏదీ నిలవలేదు, నిద్రపోయి లేచి ఒక గంట చదివినా అదే మేలు. పరీక్ష రోజు చేతులు చల్లబడ్డాయి, మొదటి పది ప్రశ్నలు రెండేసి సార్లు చదివా, తర్వాత సర్దుకుంది. పాసయ్యా. ముందు అక్కకే ఫోన్ చేశా.

ఇప్పుడు మా రూమ్‌లో ఇంకో ఇద్దరు అప్లై చేస్తున్నారు, నా తప్పుల నోట్‌బుక్ అడిగారు. లివర్ పేజీలు నాకే సరిగ్గా అర్థం కాకుండా రాసుకున్నవి, అవి మళ్ళీ నీట్‌గా రాసి ఆదివారానికి ఇస్తానన్నా.