గవర్నరు తీసేద్దామన్న ఆదివారం

చిన్న పెట్రోలు ఇంజను చేతికొచ్చిన కుర్రవాడికి మొదట కోపం వచ్చేది, వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు అనే భాగం మీదే. మీట పూర్తిగా తోసినా ఇంజను ఒక వేగం దగ్గర నిలిచిపోతుంది. ఇంకా తిరగగలదని చెవికి తెలుస్తూనే ఉంటుంది. లోపల ఏదో అడ్డుపడుతోంది, దాన్ని ఊడబీకితే సరి అనుకుంటాడు. ఇవాళ అలా అనుకుని కూర్మన్నపాలెంలోని మా ఇంటికి వచ్చినవాడు నా మేనల్లుడు.

ఇంజనీరింగు మూడో సంవత్సరం. స్నేహితులతో కలిసి గో-కార్ట్, అంటే చిన్న పందెపు బండి, కడుతున్నాడు. గాజువాక ఆటోనగర్‌లో పాత సామాను కొట్టులో ఇంజను దొరికిందట, మట్టిని అదిమే యంత్రానికి ఉన్నదాన్ని ఊడదీసి అమ్మారు. హోండా జీఎక్స్ 160 కొలతలతో ఎవరో చేసిన నకలు అది. 163 సీసీ, సిలిండరు వ్యాసం 68 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 45. పేరు బిళ్ళ ఎప్పుడో రాలిపోయింది. షాఫ్టు మాత్రం తిన్నగా, కీ గాడితో ఉంది. కుర్రవాళ్ళు ఆ మాత్రం చూసుకుని కొన్నందుకు ముచ్చటేసింది. జనరేటరు ఇంజను చవకగా వచ్చిందని కొనుక్కొచ్చి, చివర సన్నబడిన ఆ షాఫ్టుకు క్లచ్ ఎలా బిగించాలో తెలియక తల పట్టుకునేవాళ్ళు ఉంటారు.

"మావయ్యా, దీని గవర్నరు తీసేయాలి. రెండు కారణాలున్నాయి" అన్నాడు. మొదటిది వేగం. రెండోది, గవర్నరు ఎలాగూ పాడైందట. ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఇంజను హెచ్చుతూ తగ్గుతూ మూలుగుతోందట.

రెండో కారణం ముందు చూద్దామన్నాను. తాడు లాగి స్టార్టు చేస్తే నిజమే, సమంగా తిరగడం లేదు. లోపలికి పోయే గాలిని తగ్గించే చోక్ కొద్దిగా మూయమన్నాను. మూయగానే మూలుగు తగ్గింది. అంటే జబ్బు గవర్నరుది కాదు, పెట్రోలు చాలడం లేదు. నెలల తరబడి కదలని ఇంజనులో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, అది కార్బురేటరులో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రానికి, జెట్టుకు, అడ్డం పడుతుంది. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం పలచబడి వేగం పడిపోతుంది, ఆ మిశ్రమాన్ని ఇంజనులోకి వదిలే తలుపును, థ్రాటిల్‌ను, గవర్నరు తెరుస్తుంది, వేగం మరీ పెరుగుతుంది, గవర్నరు మూస్తుంది, మళ్ళీ పడిపోతుంది. పని సక్రమంగా చేస్తున్నవాడి మీదే నేరం పడింది. కార్బురేటరు విప్పి, సన్న రాగి తీగ ఒక పోగుతో జెట్టు తుడిచి, పెట్రోలుతో కడిగి బిగించాం. మూలుగు పోయింది. మేనల్లుడి మొహంలో మాత్రం సంతోషం లేదు, ఒక కారణం చెయ్యిజారిపోయింది కదా.

ఇంజను ఆపి, మీటను పూర్తి వేగం వైపు తోసి, థ్రాటిల్ ఎక్కడుందో చూడమన్నాను. వంగి చూశాడు. ఆగి ఉన్న ఇంజనుకు థ్రాటిల్ బార్లా తెరుచుకుని ఉంది. "ఇదేమిటి, వేగం ఆపేదైతే ఇప్పుడు మూసి ఉండాలి కదా?" అన్నాడు. ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాను.

మనం తోసే మీట థ్రాటిల్‌ను తిప్పదు. ఒక స్ప్రింగు బిగుతును మారుస్తుంది, అంతే. ఆ స్ప్రింగు ఎప్పుడూ థ్రాటిల్‌ను తెరవాలనే లాగుతుంది. లోపల, ఇంజను ప్రధాన ఇరుసైన క్రాంకు తిప్పే ఒక చిన్న గేరు మీద బరువులుంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విచ్చుకుని ఒక స్లీవును తోస్తాయి, స్లీవు మీటలాంటి ఒక చెయ్యిని తోస్తుంది, చెయ్యి థ్రాటిల్‌ను మూస్తుంది. స్ప్రింగు, బరువులు రెండూ సరితూగిన చోటే ఇంజను వేగం. ఇంజను ఆగి ఉంటే బరువులకు బలం లేదు కాబట్టి స్ప్రింగుదే రాజ్యం. సింహాచలం ఘాట్ రోడ్డు మీద బస్సు డ్రైవరు పాదం చేసే పని ఇది. ఎక్కుడు వస్తే నొక్కుతుంది, దిగుడు వస్తే వదులుతుంది. ఎక్కుడులో సాయపడే సగాన్ని మరిచిపోయి, దిగుడులో వదిలే సగాన్నే చూసి దీన్ని అడ్డంకి అంటారు.

మాటలతో చెప్తే వాడికి సగమే ఎక్కింది. వసారా మూల మా జనరేటరు ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక, రోజుల తరబడి చీకట్లో ఉన్న అనుభవంతో ఊళ్ళో చాలామందిలాగే మేమూ కొన్నాం. మూత తీసి నడిపి, మల్టీమీటరు పెట్టాను. ఖాళీగా 52 హెర్ట్‌జ్ చూపించింది, అంటే కరెంటు సెకనుకు 52 సార్లు ఊగుతోంది. లోపల ఇస్త్రీ పెట్టె స్విచ్ వేయమని మా ఆవిడకు కేక వేశాను. స్విచ్ పడగానే ఇంజను ఒక్క క్షణం గొంతు తగ్గించింది, థ్రాటిల్ చెయ్యి దానంతట అదే తెరుచుకుంది, మీటరు 50కి కాస్త పైన నిలిచింది. స్విచ్ తీస్తే చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఎవరూ ముట్టుకోలేదు. వాడు ఆ చెయ్యి వంకే చూస్తూ మళ్ళీ వేయమన్నాడు, మళ్ళీ తీయమన్నాడు. చివరికి మా ఆవిడ వచ్చి "ఏమండీ, బట్టలేవీ లేకుండా ఇస్త్రీ ఎందుకు?" అని అడిగే దాకా ఆట సాగింది.

50 హెర్ట్‌జ్‌కు, రెండు ధ్రువాల జనరేటరు నిమిషానికి 3000 సార్లు తిరగాలి. మా వసారాలోదీ అంతే, నేను ఉద్యోగమంతా గడిపిన స్టీల్‌ప్లాంటు పవర్ హౌసులో టర్బైన్లూ అంతే. మెగావాట్లలో ఉండే ఆ యంత్రం, ఇద్దరు మోసుకుపోగలిగిన ఈ యంత్రం ఒకే అంకె మీద తిరుగుతాయి. రిటైరైన ఇన్నేళ్ళకు కూడా నాకు ఇది ఎందుకో గర్వంగా ఉంటుంది, జనరేటరు తరఫున.

టర్బైనుకు గవర్నరు ఒక్కటే చాలదు. అది విఫలమైతే ఆవిరి పూర్తిగా కోసేయడానికి వేరే ట్రిప్ ఉంటుంది. మరమ్మతులకు ఆపినప్పుడు దాన్ని పరీక్షించేవాళ్ళం. జనరేటరును గ్రిడ్డు నుంచి విడదీసి, టర్బైను వేగాన్ని కావాలనే 3000 దాటించి, 3300 దిశగా నెమ్మదిగా పెంచాలి. ఆ ట్రిప్ తనంతట తాను పనిచేసి ఆవిరి కోసేయాలి. మాటకు అది మామూలు పరీక్షే. 3100 దాటాక హాలులో ఎవరూ మాట్లాడేవారు కాదు. పాదాల కింద నేల స్వరం మారేది. అందరి కళ్ళూ టాకోమీటరు మీద, ఒకరి చెయ్యి మాత్రం ట్రిప్ మీట మీద. అనుకున్న అంకె దగ్గర ఆవిరి కవాటాలు ఢామ్మని మూసుకున్నాక గానీ ఊపిరి వదిలేవాళ్ళం కాదు, అప్పుడిక అందరం ఒక్కసారే మాట్లాడేవాళ్ళం. ఆ పరీక్ష చూసినవాడు గవర్నరు ఊడబీకే మాట తేలిగ్గా అనలేడు. మేనల్లుడికి ఇదంతా చెప్పాను. వాడు మర్యాదగా విన్నాడు గానీ, "మావయ్యా, మాది కార్ట్ కదా" అన్నాడు. అదీ నిజమే.

ఈ బరువుల యంత్రం 1788లో జేమ్స్ వాట్ ఆవిరి ఇంజనుకు పెట్టాడని పుస్తకాల్లో ఉంటుంది. కొత్తగా కనిపెట్టలేదు, అంతకు ముందే గాలిమరల్లో ఉన్నదాన్ని తెచ్చి ఆవిరికి తగిలించాడు. 1868లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ గవర్నర్ల మీద ఒక వ్యాసం రాశాడు, అవి ఎప్పుడు నిలకడగా ఉంటాయి, ఎప్పుడు ఊగిసలాడతాయి అనే లెక్కతో. పొద్దున మా వసారాలో విన్న మూలుగుకు గణితం అందులో ఉంది. కాలేజీలో కంట్రోల్ సిస్టమ్స్ చదువుతున్నావు కదా, ఇదే అన్నాను. "అది లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ లెక్కలు కదా మావయ్యా" అన్నాడు. సరే.

తర్వాత పక్క మూత విప్పాం. చూడకుండా తీసేయడం, చూడకుండా ఉంచేయడం రెండూ నాకు నచ్చవు. నూనె పళ్ళెంలోకి వంచాం, అరలీటరు పైచిలుకు వచ్చింది. అడుగున లోహపు పొడి లేదు, మంచి శకునం. ఆరు బోల్టులు తీశాక మూత మొండికేసింది. మా ఊరి ఉప్పుగాలికి అల్యూమినియం మూతలు ఇంతే. చెక్క పెట్టి సుతారంగా కొట్టగా కొట్టగా వచ్చింది. గవర్నరు గేరు నైలానుది. బరువులు వేలితో విప్పి చూపించాను, స్లీవు ముందుకు జరిగింది. "ఇంత చిన్నదా!" అన్నాడు.

అసలు చూపించాలనుకున్నది దాని పక్కనున్న, పిస్టనును క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు. అల్యూమినియంది. విడిగా బేరింగు లేదు, రాడ్డే క్రాంకు మీద నేరుగా తిరుగుతుంది. కింద ఒక చిన్న నాలుక నూనెలో మునిగి చిమ్మితే అదే తైలం. ఈ రాడ్డు, పోత ఇనుము ఫ్లైవీలు, మెత్తటి వాల్వు స్ప్రింగులు, అన్నీ నిమిషానికి 3600 చుట్లు దాటదన్న నమ్మకం మీద చేసినవి. ఆ నమ్మకాన్ని నిలబెట్టేది గవర్నరు. అది తీసేస్తే 5000 వరకూ పోవచ్చు. కానీ పిస్టను రాడ్డును గుంజే బలం వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 3600 నుంచి 5000కు పోతే దాదాపు రెట్టింపు. ఫ్లైవీలు మీద ఒత్తిడి కూడా అదే లెక్క, అది పగిలితే ముక్కలు ఏ వైపు పోతాయో ఎవరూ చెప్పలేరు. కార్టులో డ్రైవరు కూర్చునేది ఇంజనుకు మూరెడు దూరంలో. వాల్వు స్ప్రింగులు ఆ వేగంలో వాల్వును వెనక్కి లాగలేక చేతులెత్తేస్తాయి.

గవర్నరు తీసి పరుగెత్తించేవాళ్ళు లేరని కాదు. పందేల కోసం తీస్తారు, తెలిసే తీస్తారు. ముందు గట్టి దిమ్మె నుంచి చెక్కిన రాడ్డు, ఫ్లైవీలు తెచ్చుకుంటారు, బలమైన వాల్వు స్ప్రింగులు వేస్తారు, ఆ తర్వాత గవర్నరు జోలికి పోతారు. అవేవీ మార్చకుండా గేరు ఒక్కటి తీసి, చెయ్యి దూరే కంతకు బిరడా కొట్టి, థ్రాటిల్‌కు నేరుగా కేబులు కట్టడం నాకు పొదుపుగా కనబడదు. పైగా కార్టుల్లో చెయిను ఊడటం మామూలే. గవర్నరు ఉంటే భారం పోయిన క్షణంలో థ్రాటిల్ మూసుకుంటుంది. లేకపోతే డ్రైవరు కాలు ఎత్తేలోపు ఇంజను ఎక్కడికి పోతుందో ఊహించుకోమన్నాను. కేబులు ఇరుక్కుంటే కాలు ఎత్తినా లాభం లేదు.

"అయితే వేగం సంగతి?" అన్నాడు. ఈ పట్టుదల నాకు నచ్చింది. పాత క్యాలెండరు వెనక లెక్క వేశాం. టైరు వ్యాసం 11 అంగుళాలు, అంటే చుట్టుకొలత 88 సెంటీమీటర్లు. చెయిను తిరిగే పళ్ళ చక్రాలకు ఇంజను వైపు 10 పళ్ళు, ఇరుసు వైపు 60. 3600ను ఆరుతో భాగిస్తే చక్రం నిమిషానికి 600 చుట్లు, గంటకు దాదాపు 32 కిలోమీటర్లు. ఇరుసు మీద 50 పళ్ళ స్ప్రాకెట్ వేస్తే 38. గవర్నరు తీసి, అదే 60 పళ్ళతో 5000 తిప్పితే 44. రాడ్డును రెట్టింపు గుంజి తెచ్చుకునే 44కూ, పళ్ళ చక్రం మార్చి తెచ్చుకునే 38కీ మధ్య ఆరు కిలోమీటర్లే తేడా. పైగా వేగం పెంచితే తిప్పే బలం పెరగదు, అసలు హోండా ఇంజనుకు ఆ బలం (టార్కు) 2500 దగ్గరే అత్యధికం, 10.3 న్యూటన్ మీటర్లు. 50 పళ్ళతో బయలుదేరడం కాస్త మందకొడిగా ఉంటుంది, క్లచ్ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. అది దాచకుండా చెప్పాను.

భోజనంలో నెత్తళ్ళ ఇగురు. తింటూనే వాడు స్నేహితులతో ఫోనులో వాదించాడు. మొదట అవతలి గొంతులు గట్టిగా వినిపించాయి. రాడ్డు, ఫ్లైవీలు, స్ప్రింగులు కలిపి ఇంజను కన్నా ఎక్కువ అవుతాయని లెక్క చెప్పగానే కాస్త తగ్గాయి. ఒకడు మాత్రం ఒప్పుకోలేదట, పందెం రోజున చూద్దామన్నాడట. వాడితో నేను మాట్లాడనా అంటే "వద్దు మావయ్యా, మీరు టర్బైను కథ చెప్తారు" అన్నాడు.

మధ్యాహ్నం గ్యాస్కెట్ పేపరు కత్తిరించి, వాల్వుల్ని నడిపే క్యామ్ గేరు చుక్కనూ క్రాంకు గేరు చుక్కనూ ఎదురెదురుగా కలిపి మూత బిగించాం. గవర్నరు ఉన్నచోటే ఉంది. కొత్త నూనె పోసి నడిపితే ఇంజను సమంగా తిరిగింది. షాఫ్టు సీలు దగ్గర కొద్దిగా చెమ్మ కనబడింది, సీలు కొత్తది కొనమన్నాను, 50 పళ్ళ స్ప్రాకెట్‌తో పాటు. ఇంజను ఆపే స్విచ్ స్టీరింగు మీదే ఉండాలని, సీటు వెనక పెడితే అవసరానికి చెయ్యి అందదని, గేటు దాకా వెళ్ళి మళ్ళీ చెప్పాను.