కీచురాయి మంచం కింద లేదు

రాత్రి పదకొండున్నరకి కరెంటు పోయింది, ఫాన్ ఆగిపోయింది, పర్లాకిమిడంతా నిశ్శబ్దం, అప్పుడు వినపడింది సన్నగా కీ... అని. కీచురాయి దూరిందనుకుని చీపురు పట్టుకుని మంచం కింద వెతికాను.

తీరా చూస్తే లాప్‌టాప్! పేజీ పైకీ కిందకీ జరిపితే కీ కీ, వేలు తీస్తే గప్‌చుప్.

అమ్మని లేపితే "నాకేటీ వినపడ్డం లేదురా, పడుకో" అంది. వయసుకి సన్న శబ్దాలు అందవులెండి, మేనకోడలు మాత్రం చెవులు మూసుకుంది.

పొద్దున్న బజార్లో రిపేరు కుర్రాడు సగం ఒరియాలో చెప్పాడు. ప్రాసెసర్‌కి కరెంటు సర్దే చోట స్విచ్‌లు సెకనుకి లక్షల సార్లు ఆన్ ఆఫ్ అవుతాయట, అది మన చెవికి అందదు, మనకి మహా అయితే 20 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి ఇరవై వేల సార్లు, కానీ ప్రాసెసర్ పని ఒక్కసారిగా పెరిగీ తగ్గీ అయితే కరెంటు ఎగుడుదిగుడు వినపడేంత నెమ్మదికి దిగుతుంది, అయస్కాంతం లాగుడికి అక్కడున్న కాయిల్, అంటే చుట్టలా చుట్టిన తీగ, వణుకుతుంది, పక్కనున్న, కరెంటుని కాసేపు దాచే బుల్లి సెరామిక్ కెపాసిటర్లు కూడా వణికి బోర్డుని డప్పులా వాయిస్తాయి.

"పాడవదు అన్నా, ఒగ్గీ" అన్నాడు. డబ్బులూ తీసుకోలేదు.

ఇప్పుడు కరెంటుంది, ఫాన్ గిరగిరా తిరుగుతోంది, అయినా నాకు వినపడుతూనే ఉంది.