ఓవెన్ పైలట్ ఆరిపోతుంటే నేను చేసిన తప్పు, తర్వాత దొరికిన అసలు కారణం (నా అనుభవం)

తిరుపతి కొర్లగుంటలో మాది చిన్న బేకరీ. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. రెండు డెక్కుల గ్యాస్ ఓవెన్, 19 కిలోల సిలిండర్ల మీద నడుస్తుంది. డిసెంబర్ 31 కేకుల ఆర్డర్లు మొదలైన వారంలోనే కింది డెక్కు మొండికేసింది. నాబ్ నొక్కి పట్టుకుని లైటర్ చూపిస్తే పైలట్ (పెద్ద బర్నర్‌ని అంటించడానికి ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న మంట) వెలుగుతుంది, వేలు తీయగానే టక్కున ఆరిపోతుంది. ఇరవై సెకన్లు పట్టుకున్నా అంతే, నిమిషం పట్టుకున్నా అంతే.

ఎప్పుడూ వచ్చే మెకానిక్‌ని పిలిచాను. థర్మోకపుల్ (పైలట్ మంటలో కొన పెట్టి ఉండే సన్నటి రాగి తీగలాంటిది) పోయిందన్నాడు. ఇక్కడ దొరికిన దాని నట్టు మా వాల్వుకు ఎక్కలేదు, ఎందుకంటే వీటి నట్ల థ్రెడ్లు వేరువేరు సైజుల్లో ఉంటాయి, పొడవులూ అంతే. చివరికి పాతది శాంపిల్‌గా చెన్నై పంపి అదే సైజు తెప్పించాం. రెండు రోజులు పోయాయి. కొత్తది బిగించినా పైలట్ నిలబడలేదు. అప్పుడు అతను "అన్నా, లోపల మాగ్నెట్ పోయినట్టుంది, ఈ వాల్వు ఇప్పుడు దొరకదు, బైపాస్ చేసేస్తా, ఏం కాదు, చానా మంది ఇట్లే నడుపుకుంటా ఉండారు" అన్నాడు. అంటే మంట ఆరితే గ్యాస్‌ని ఆపేసే ఏర్పాటునే పక్కకు తప్పించడం. ఆర్డర్ల టెన్షన్‌లో ఉన్నాను, సరే అన్నాను. ఇది రాస్తున్నది ఆ "సరే" గురించే.

మర్నాడు తెల్లవారుజామున మొదటి ట్రేలు దించాక ఓవెన్ తలుపు కాసేపు తెరిచే ఉంది. వేడి సరిపోయి థర్మోస్టాట్ పెద్ద బర్నర్‌ని ఆపేసింది, పైలట్ ఒక్కటే వెలుగుతోంది. మైదా బస్తాలు దించడానికి కుర్రాడు వెనక తలుపు తీశాడు, గాలి రివ్వున కొట్టింది, పైలట్ ఆరిపోయింది. ఎవరం చూడలేదు. ఓవెన్ చల్లబడేకొద్దీ థర్మోస్టాట్ తన పని తాను చేసింది, పెద్ద బర్నర్‌కి గ్యాస్ వదిలింది. అక్కడ మంట లేదు. నేను క్రీమ్ కొడుతూ ఉన్నాను, వాసన ముందుగా నా కాళ్ల దగ్గర కూర్చుని ట్రేలు తుడుస్తున్న అమ్మాయికి తెలిసింది. ఎల్పీజీ గాలికంటే బరువు కదా, కిందకు దిగి నేలమీదే పరుచుకుంటుంది, నిలబడ్డవాడికి ఆలస్యంగా తెలుస్తుంది. పరిగెత్తి సిలిండర్లు కట్టేశాను, అందరినీ బయటికి పంపాను, రెండు తలుపులూ బార్లా తెరిచాం. ఫ్యాన్ వేయబోయిన కుర్రాడి చెయ్యి పట్టుకుని ఆపాను, స్విచ్ వేసినా తీసినా చిన్న నిప్పురవ్వ వస్తుంది, అది చాలు. అరగంట పైనే బయట నిలబడ్డాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అరగంటలో నాకు ఎలా ఉందో చెప్పలేను, ఆ పిల్లలు నా మీద నమ్మకంతో పనికి వచ్చినవాళ్లు. (గ్యాస్ లీకైతే ఫోన్ చేయాల్సిన అత్యవసర నంబరు 1906, ఏ కంపెనీ సిలిండరైనా అదే. ఇప్పుడు మా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.)

ఆ సాయంత్రం మా చిన్నాయన వచ్చాడు. రైల్వే క్యారేజీ షాపులో పనిచేసి రిటైరయ్యాడు. సంగతి విని, "ముందు వాడు కట్టిందంతా తీసెయ్ రా, తర్వాత మాట్లాడదాం" అని మల్టీమీటర్ తెచ్చాడు.

అప్పుడు ఆయన చెప్పేదాకా ఆ సన్నటి రాగి తీగలాంటిది ఏం చేస్తుందో నాకు నిజంగా తెలీదు. దాని కొనలో రెండు రకాల లోహాలను కలిపి అతికిస్తారు. ఆ కొన మంటలో కాలుతూ, రెండో చివర చల్లగా ఉంటే చాలు, కొద్దిగా కరెంటు పుడుతుంది. 1821లో సీబెక్ అనే ఆయన గమనించిన విషయం ఇది. మంచి మంటలో పుట్టేది సుమారు 25, 30 మిల్లీవోల్టులు, అంటే గోడ గడియారంలో వేసే సెల్లులో యాభయ్యో వంతు. ఆ కాస్త కరెంటు వాల్వులోని చిన్న అయస్కాంతానికి వెళ్తుంది. వాల్వును లాగి తెరిచే బలం దానికి లేదు, తెరిచినదాన్ని పట్టుకుని ఉంచే బలం మాత్రం ఉంది. అందుకే మొదట మనం వేలితో నొక్కి తెరవాలి, కొన వేడెక్కాక అది పట్టుకుంటుంది. మంట ఆరితే కొన చల్లారి, కరెంటు పోయి, స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. ఇంట్లో కరెంటు పోయినా దీనికి సంబంధం లేదు, తనకు కావలసింది తనే పుట్టించుకుంటుంది. ఇంత మంచి వస్తువును నేను తీసేయించాను.

ఇక పరీక్ష. థర్మోకపుల్ చివరను వాల్వు నుంచి విప్పి, మీటర్ ఒక పిన్ను రాగి గొట్టానికి, ఇంకోటి చివరనున్న బొడిపెకు ఆనించాడు. నేను నాబ్ నొక్కి పైలట్ వెలిగించి పట్టుకున్నాను. మీటర్ 9 మిల్లీవోల్టుల దగ్గర ఆగిపోయింది. కొత్తది కూడా చెడిపోయి వచ్చిందేమో అనుకున్నాను. చిన్నాయన ఒప్పుకోలేదు, దాన్ని పూర్తిగా విప్పి మామూలు స్టవ్ నీలి మంటలో కొన పెట్టి చూశాడు, 27 చూపించింది. అంటే థర్మోకపుల్ బాగుంది, లోపం మా పైలట్ మంటలోనే ఉంది. వంగి చూస్తే అర్థమైంది, మంట పసుపుగా, సన్నగా, పక్కకు వాలిపోయి ఉంది, కొనను అలా తాకీ తాకనట్టు.

కారణం మైదా. పైలట్ బర్నర్ పక్కన గాలి పీల్చుకునే చిన్న రంధ్రం ఉంటుంది, ఏళ్ల తరబడి ఎగిరిన పిండి దుమ్ము, నూనె జిడ్డు కలిసి దాన్ని మూసేశాయి. గాలి చాలక మంట పసుపయింది, మసి పట్టింది. పైలట్ బర్నర్‌నీ, దాని జెట్టునూ (గ్యాస్ చిమ్మే సన్న రంధ్రమున్న ముక్క) విప్పి రాత్రంతా థిన్నర్‌లో నానబెట్టి, పొద్దున సైకిల్ పంపుతో గాలి కొట్టి ఊదాం. జెట్టును పిన్నుతో పొడవబోతే చిన్నాయన నన్ను గట్టిగా తిట్టాడు, దాని రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మంట లెక్క తప్పుతుందట. తిరిగి బిగించేటప్పుడు కూడా అంతే జాగ్రత్త, థర్మోకపుల్ నట్టును చేత్తో బిగించి, ఆపైన స్పానర్‌తో పావు చుట్టు, అంతకుమించి వద్దు.

పైలట్ నీలంగా లేచి కొన పైభాగాన్ని ఒక సెంటీమీటరు మేర చుట్టేసింది. మీటర్ 25. బిగించి, వెలిగించి, ఇరవై లెక్కపెట్టి వేలు తీశాను. నిలబడింది. మాగ్నెట్‌కి ఏమీ కాలేదన్నమాట.

అక్కడితో వదల్లేదు. పైలట్‌ను కావాలని ఊది ఆర్పి, వాచీ పట్టుకుని కూర్చున్నాం, 35 సెకన్లకు లోపల 'టక్' అని వాల్వు మూసుకుంది. ఇప్పుడు వారానికోసారి రెండు డెక్కులకూ ఇది చేస్తున్నాను, మళ్లీ వెలిగించే ముందు కనీసం ఐదు నిమిషాలు తలుపు తెరిచి ఉంచుతాను.

ఇళ్లలో వాడే మామూలు స్టవ్‌లు చాలావాటిలో మంట ఆరితే గ్యాస్ ఆపే ఈ ఏర్పాటు ఉండదు, పాలు పొంగి మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. కొత్త హాబ్ (వంటగట్టులో అమర్చే స్టవ్) కొనేవాళ్లు 'ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్' ఉందా అని అడగండి, ఆ ఏర్పాటు పేరు అదే, షాపులో వెలిగించి చూపించేవాళ్లుంటే ఊది చూడండి.

పై డెక్కు పైలట్ కూడా కొంచెం పసుపు తిరుగుతోంది, మీటర్‌లో 17 చూపిస్తోంది. దాన్ని ఈ ఆదివారం విప్పుతున్నాం, చిన్నాయన వస్తానన్నాడు.